పాత హాలు బాగుచేస్తే జనం వస్తారా?

మీ ఊరి నడిబజార్లో వందేళ్ల నాటి నాటకాల హాలు ఉందనీ, మునిసిపాలిటీ దాన్ని బాగుచేసి సాంస్కృతిక కేంద్రం చేస్తానంటోందనీ, విశాఖ టౌన్ హాలు సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పమనీ అడిగారు. నేను ఆ హాలున్న విశాఖ పాత ఊరు, వన్ టౌన్‌లో పుట్టినవాణ్ణి. ఇరవై ఏళ్లు నటుడిగా నాటక పరిషత్తుల పోటీలకి తిరిగి, ఇప్పుడు మోకాళ్లు సహకరించక ముందు వరుసలో కూర్చుంటున్నాను. జనం వస్తారు. కానీ వాళ్లొచ్చేది కట్టడం చూడ్డానికైతే ఒక్కసారే వస్తారు, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు.

మా టౌన్ హాలు విక్టోరియా రాణి వజ్రోత్సవం జ్ఞాపకంగా బొబ్బిలి రాజావారి విరాళంతో లేచింది. ఆ వజ్రోత్సవం జరిగిన 1897లోనే గురజాడ వారి కన్యాశుల్కం మొదటిసారి అచ్చయింది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే మావాళ్ల నోళ్లలో నానుతున్నది గిరీశమే, రాణీగారు కాదు.

నా కుర్రతనంలో పాత ఊళ్లో నాటకమంటే ఓడకూత కూడా అందులో ఒక పాత్ర. హార్బరు పక్కనే కదా. ఓసారి కాటి సీన్లో మా హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తున్నాడు, సరిగ్గా అప్పుడే ఓడ కూసింది. అతను ఆగలేదు సరికదా, ఆ కూతకి శృతి కలిపి ఇంకాస్త లాగాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆట అయ్యాక వాచ్‌మన్ నా దగ్గరికొచ్చి, "ఏటి బావూ, జనం ఓడకి కూడా వన్స్ మోర్ కొట్టీసినారు!" అన్నాడు.

ఆ జనం ఎక్కడికెళ్లారంటారా? ఊరే జరిగిపోయింది. 1933లో పోర్టు తెరిచాక పెరిగిన పట్నం ద్వారకా నగర్, ఎంవీపీ కాలనీ, మద్దిలపాలెం దాకా పాకింది. నాటకాలూ దాని వెనకే వెళ్లాయి: సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, పిఠాపురం కాలనీలో కళాభారతి. వన్ టౌన్‌లో కొట్లు కట్టేశాక వీధులు ఖాళీ. రాత్రి తొమ్మిదిన్నరకి ఆట వదిలితే, ఆడవాళ్లని వెంటబెట్టుకుని ఆటో కోసం నిలబడ్డవాళ్లెవరూ రెండోసారి రారు. అందుకే ఇంజనీరుని అడిగే ముందు ఆర్టీసీ డిపోకి వెళ్లండి. ఆఖరి బస్సు ఎన్నింటికో తెలిస్తే ఆట ఎన్నింటికి మొదలెట్టాలో తేలుతుంది. మేం ఆరింటికే తెర లేపడం మొదలెట్టాక ముసలాళ్లు మళ్లీ కనబడ్డారు.

అద్దె సంగతి ఇంకా ముఖ్యం. పెళ్లిళ్ల రేటు పెడితే ముహూర్తాల నెలల్లో నాటకానికి తేదీ దొరకదు. మావి టిక్కెట్టు ఆటలు కావు, చందాల మీద నడిచేవి. నెలకి ఒక తేదీ, ఫలానా శనివారం అని, నాటకానికే రాసిపెట్టమనండి. కలెక్టరుగారి మీటింగు వచ్చినా దాన్ని కదపకూడదు. (కదుపుతారు. అయినా రాయించుకోండి.)

ప్రేక్షకులు వాళ్లంతట వాళ్లు తయారవరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుగా ఉన్న కూర్మా వేణుగోపాలస్వామి గారు కాలేజీ పిల్లల చేత నాటకాలాడించారు, వాళ్ల మధ్య పోటీలు పెట్టారు. ఒకసారి ముఖానికి రంగేసుకున్నవాడు జన్మంతా నాటకం చూస్తాడు. మీ ఊళ్లో కాలేజీ ఉంటే ఆ పిల్లలకి హాలు ఊరికే ఇప్పించండి.

ఇక మరమ్మతులు. ఓ ఊళ్లో, పేరెందుకులెండి, కొత్తగా బాగుచేసిన హాల్లో మేం ఆడాం. ఏసీ, మెత్తటి కుర్చీలు, అన్నీ బావున్నాయి. స్టేజీ మీద మాత్రం తళతళలాడే గ్రానైటు పరిచారు. సెట్టు పలక నిలబెడదామంటే మేకు దిగదు. లైటు వేస్తే నేల అద్దంలా మెరిసి మా మొహాలు కనపడలేదు. చచ్చిపడే సీన్లో నేను పడ్డాను, నా మోకాలి కథ అక్కణ్ణించే మొదలు. మా తర్వాత ఆడాల్సిన కూచిపూడి అమ్మాయిలు గజ్జెలు కట్టుకుని వచ్చి, కాలు జారుతోందని తివాచీ తెప్పించుకున్నారు. సామాను దించే తలుపు కూడా లేదు. సింహాసనాన్ని ప్రేక్షకుల మధ్య నుంచే మోసుకెళ్లాం. గ్రీన్‌రూమ్‌కి బాత్రూము హాలుకి అవతలి వైపు. మేకప్‌తో ఉన్న చంద్రమతి జనంలోంచి నడిచి వెళ్లాల్సి వచ్చింది.

రాతి గోడలూ ఎత్తయిన కప్పూ ఉన్న పాత హాళ్లలో ఖాళీ కుర్చీలుంటే గొంతు తిరిగి తిరిగి మోగుతుంది. మైకులు కొనే ముందు ఓ వందమందిని కూర్చోబెట్టి, ఒకడి చేత మైకు లేకుండా పద్యం చదివించి వెనక వరుసలో వినండి. స్టేజీకి చెక్కా, రాయా అన్నది టెండరు పిలవకముందే తేల్చుకోండి. ఆ గ్రానైటు ఇప్పటికీ అక్కడే ఉంది, మొన్న కూడా చూసొచ్చాను.