చెరువులోకి కెమికల్ నీళ్లు: రిజిస్టర్ కాని కమిటీ కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది పటాన్‌చెరు దగ్గర ఒక ఊరు. రాత్రిపూట ట్యాంకర్లు వచ్చి మా చెరువులోకి కెమికల్ నీళ్లు వదిలిపోతున్నాయి, నాలుగు నెలల కింద చేపలన్నీ చచ్చి తేలాయి. ఊరివాళ్లం, కాలనీలవాళ్లం కలిసి చెరువు రక్షణ కమిటీ పెట్టుకున్నాం కానీ రిజిస్ట్రేషన్ చేయించలేదు. ఫేస్‌బుక్‌లో వీడియోలు పెడితే ఒక ఫ్యాక్టరీ నుంచి పరువు నష్టం నోటీసు వచ్చింది, పోస్టులు తీసేయమంటున్నారు. మేం కేసు వేయగలమా సార్?

జవాబు: వేయగలరండి, వేయాలి కూడా. రిజిస్ట్రేషన్ సంగతి ముందు పక్కన పెట్టేయండి. పర్యావరణ కేసులు చూసే ప్రత్యేక కోర్టు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్, దాని చట్టం 2010లో సెక్షన్ 2లోనే, రిజిస్టర్ అయినా కాకపోయినా కొందరు కలిసిన సంఘం కూడా కేసు వేయడానికి అర్హమైన వ్యక్తే అని రాసి ఉంది. అయినా నా సలహా ఏంటంటే కమిటీ పేరుతో పాటు ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ల పేర్లు కూడా పిటిషనర్లుగా పెట్టండి, రేపు కమిటీలో గొడవలొచ్చి ఎవరైనా తప్పుకున్నా కేసు ఆగకూడదు కదా. రిజిస్ట్రేషన్ మెల్లగా చేయించుకోవచ్చు, ఏడుగురు ఉంటే సొసైటీ అవుతుంది.

నన్ను భయపెడుతున్నది మీరు ఆ నోటీసు గురించి కంగారుపడుతూ అసలు గడువు మర్చిపోవడం. అదే చట్టం సెక్షన్ 14 కింద కాలుష్యం ఆపించమని వేసే కేసుకి ఆరు నెలలే టైం, కేసుకి కారణం మొదట పుట్టిన రోజు నుంచి లెక్క, ఆ తర్వాత సరైన కారణం చూపిస్తే ఇంకో అరవై రోజులు ఇస్తారు అంతే. చేపలు చచ్చి నాలుగు నెలలు అయిపోయాయి అంటున్నారు, అంటే మీ చేతిలో రెండు నెలలు ఉన్నట్టు, అది కూడా అవతలి లాయరు ఇది ఏళ్ల నుంచి జరుగుతున్నదే, ఇప్పుడు ఎందుకొచ్చారు అని అడగకపోతే. రోజూ వదుల్తున్నారు కాబట్టి రోజూ కొత్త కారణమే అని మనం వాదిస్తాం, కానీ ఆ వాదన మీద నమ్మకం పెట్టుకుని కూర్చోకండి. నష్టపరిహారం అడిగే సెక్షన్ 15కి మాత్రం ఐదేళ్లు ఉంది. అందుకే మీ ఊరి మత్స్యకారుల సొసైటీని కచ్చితంగా మీతో కలుపుకోండి, కళ్ల ముందు నష్టపోయింది వాళ్లు, చేప పిల్లలు కొన్న బిల్లులు, అమ్మిన లెక్కలు వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఇక నీళ్ల శాంపిల్. చాలామంది బాటిల్లో పట్టుకెళ్లి ప్రైవేట్ ల్యాబ్‌లో టెస్ట్ చేయించి అదే రుజువు అనుకుంటారు. 1974 నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం క్రిమినల్ కేసులో చెల్లాలంటే శాంపిల్ పొల్యూషన్ కంట్రోల్ బోర్డు ఆఫీసర్లే పద్ధతి ప్రకారం తీసి సీల్ వేయాలి. మీ ల్యాబ్ రిపోర్టు వృథా అని కాదు, ట్రిబ్యునల్ సాక్ష్య చట్టం నియమాలకి కట్టుబడి ఉండక్కర్లేదు కాబట్టి అక్కడ పనికొస్తుంది, కానీ దాన్ని జతచేసి మీరు శాంపిల్ తీయండి అని బోర్డు రీజనల్ ఆఫీసుకి రాసి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవడం ఇంకా ముఖ్యం. నోటితో చెప్పొచ్చాం, ఫోన్ చేశాం అంటే కోర్టులో ఏమీ నిలబడదు. అదే రోజు ఆర్టీఐ కూడా పెట్టేయండి, ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన అనుమతి కాపీలు, తనిఖీ రిపోర్టులు అడగండి, ముప్పై రోజుల్లో ఇవ్వాలి, కానీ ఆ జవాబు కోసం కేసు ఆపకండి, వచ్చాక జత చేసుకోవచ్చు.

మనం అన్నీ నిరూపించాలేమో అని కూడా భయపడకండి. హైదరాబాద్ తాగునీటి చెరువులు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకి సంబంధించిన ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో 1999లో సుప్రీంకోర్టు, పర్యావరణానికి హాని లేదని చూపించాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవాళ్లదే అని చెప్పింది. ట్రిబ్యునల్ కూడా దాని చట్టం సెక్షన్ 20 కింద ముందుజాగ్రత్త సూత్రం, అంటే హాని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే ఆపాలన్న సూత్రం, పాటించి తీరాలి.

తిరుపతి సంగతి కూడా చెప్పాలి. అక్కడి పౌరుల సంఘం ఒకటి, ఇంటలెక్చువల్స్ ఫోరం, అవిలాల చెరువు, పేరూరు చెరువు భూముల్ని ఇళ్లకి ఇవ్వడం మీద కోర్టుకెళ్లి, హైకోర్టులో ఓడిపోయి కూడా వదలకుండా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2006లో కోర్టు ఇలాంటి వనరులకి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే అంది, కొత్త కట్టడాలు వద్దంది. కానీ అప్పటికే కట్టిన ఇళ్లు ఉండిపోయాయి, వాటికి వాన నీటిని పట్టే ఏర్పాటు చేయమన్నారు. పోయిన నేల తిరిగి రాలేదు. ఆలస్యం అంటే నాకు అందుకే భయం.

పోస్టుల విషయం. అన్నీ గుత్తగా తీసేయకండి, తప్పు ఒప్పుకున్నట్టు చూపిస్తారు. ఏ రాత్రి, ఎక్కడ, ఏ నంబరు ట్యాంకరు అని మీరు చూసింది చూసినట్టు రాసినవి ఉంచండి. ప్రజల మేలు కోసం నిజం చెప్పడం నేరం కాదని పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం గురించిన సెక్షన్ 356లో మొదటి మినహాయింపే ఉంది, కాకపోతే అది నిజమని చూపించాల్సింది మీరే. ఓనర్‌ని హంతకుడు అని, ఆఫీసర్ లంచం తిన్నాడు అని రుజువు లేకుండా ఎవరైనా రాసుంటే అవి మాత్రం వెంటనే సరిచేయండి. ఆ ట్యాంకరు ఆ ఫ్యాక్టరీదే అని తెలియకపోతే ఫ్యాక్టరీ పేరు రాయకండి. నోటీసుకి లాయరుతో చిన్న జవాబు ఇప్పించండి, ఊరుకోవద్దు. వీడియోలు తీసిన ఫోన్లు మార్చొద్దు, అమ్మొద్దు, ఒరిజినల్ ఫైళ్లు అలాగే ఉండాలి, ఫోన్, కంప్యూటర్ రికార్డుల్ని సాక్ష్యంగా పెట్టడానికి అడిగే భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ వాటికి కావాలి.

ఇంకో మాట, కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి. ట్యాంకరుకి అడ్డం పడి డ్రైవర్‌ని పట్టుకోవడం, ఫ్యాక్టరీ గోడ దూకడం వద్దు, కేసు మీ మీదకే తిరుగుతుంది. 112కి ఫోన్ చేసి దూరం నుంచి వీడియో తీయండి చాలు.

మనకి వర్తించేది చెన్నైలోని సదరన్ జోన్ బెంచ్, ఆన్‌లైన్‌లో ఫైల్ చేయొచ్చు. పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు, అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం. కాబట్టి కాలుష్యం ఆపించే కేసు ఈ నెలలోనే వేసేయండి, మత్స్యకారుల పరిహారం లెక్కలు తేలాక వేరేగా వేద్దాం.