నక్షత్ర చక్రంలో తూర్పు పడమరలు ఎందుకు తారుమారు? నవంబర్‌లో సప్తర్షులు ఎందుకు కనబడలేదు?

మహబూబ్‌నగర్ నుంచి మీరు అడిగింది ఇదీ: ఏడో తరగతి చదివే మీ అమ్మాయికి తిప్పే నక్షత్ర చక్రం, అంటే ప్లానిస్ఫియర్, కొన్నారు. నవంబర్ 15 రాత్రి ఎనిమిదికి ఇద్దరూ డాబా ఎక్కారు. తూర్పు ఉండాల్సిన చోట పడమర రాసి ఉంది. సప్తర్షి మండలం కోసం ఉత్తరం వైపు అరగంట వెతికినా దొరకలేదు. చక్రం తప్పా, మేము తప్పా అని అడిగారు.

ఇద్దరి తప్పూ లేదు. ముందు సప్తర్షుల సంగతి చెప్తాను. నవంబర్ మధ్యలో రాత్రి ఎనిమిదికి మన దగ్గర ఆ ఏడు చుక్కలూ ఉత్తర దిగంతానికి కింద ఉంటాయి. అర్ధరాత్రికి కాస్త ముందు ఒక్కోటీ ఈశాన్యంలో పైకి రావడం మొదలుపెడతాయి, ఏడూ బయటపడేసరికి తెల్లవారుజాము మూడవుతుంది. మీ చక్రాన్ని నవంబర్ 15కి, ఎనిమిది గంటలకు కలిపి చూడండి. కోడిగుడ్డు ఆకారంలో కోసిన కిటికీ ఉంది కదా, దాని అంచే దిగంతం. సప్తర్షులు ఆ అంచుకు అవతల, అట్ట కింద దాగి ఉంటాయి. చక్రం మీకు సరిగ్గానే చెప్పింది. కిటికీలో లేని చుక్క ఆ వేళకు ఆకాశంలోనూ లేదని అర్థం. అదే గంటకు ఉత్తరాన శర్మిష్ఠ బాగా ఎత్తులో ఉంటుంది. ఐదు చుక్కలు ఇంగ్లిష్ ఎమ్ అక్షరంలా కనబడతాయి. ఆ నెలలో ఉత్తర దిక్కుకు మీ గుర్తు అదే.

ఇక తూర్పు పడమరలు. గోడ మీది జిల్లా మ్యాపును మనం నేలను పైనుంచి చూస్తున్నట్టు చదువుతాం. ఈ చక్రం కింద నుంచి పైకి చూసేది. నాకు ఇది నులక మంచం మీద అర్థమైంది. వెల్లకిలా పడుకుని, తల ఉత్తరం వైపు పెట్టుకుని, చక్రాన్ని మొహానికి ఎదురుగా పైకెత్తి, ఉత్తరం అని రాసిన అంచు తల వైపు ఉండేలా పట్టుకున్నాను. తూర్పు తూర్పు వైపుకే, పడమర పడమర వైపుకే వచ్చి కూర్చున్నాయి. మీ అమ్మాయిని ఒక్కసారి అలా పడుకోబెట్టండి, మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు. నిలబడి చూసేటప్పుడైతే ఎటు తిరిగి నిలబడ్డారో ఆ దిక్కు పేరున్న అంచు కిందికి రావాలి. తూర్పుకు తిరిగితే తూర్పు కిందికి, దక్షిణానికి తిరిగితే దక్షిణం కిందికి. అప్పుడు తిప్పాల్సింది మొత్తం అట్టను, లోపలి బిళ్లను కాదు. తేదీ, గంట కలిపాక లోపలి బిళ్లను కదపకూడదు. పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

ఇంకొకటి తప్పకుండా చూడండి: మీ చక్రం ఏ అక్షాంశానికి చేసింది? నా మొదటి చక్రాన్ని ఆన్‌లైన్‌లో కొన్నాను. అది 45 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేసిందని అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఫిబ్రవరి రాత్రి తొమ్మిదికి దక్షిణాన, దిగంతానికి రెండు పిడికిళ్ల ఎత్తులో, ఒక పెద్ద చుక్క కనబడింది. చక్రంలో ఆ చోట ఏమీ లేదు. గ్రహమేమో అనుకుని నెల రోజులు తిరిగాను. అది అగస్త్య నక్షత్రం. రాత్రి కనబడే నక్షత్రాల్లో సిరియస్ తర్వాత అంత ప్రకాశవంతమైనది ఇంకొకటి లేదు. 45 డిగ్రీల దగ్గర ఉన్నవాళ్లకు అది ఎప్పటికీ ఉదయించదు కాబట్టి వాళ్ల చక్రంలో దాన్ని వేయరు. మే నెల రాత్రుల్లో దక్షిణాన కిందుగా కనబడే త్రిశంకు కూడా అంతే. నల్లగొండ 17 డిగ్రీల దగ్గర ఉంది, మహబూబ్‌నగర్ 16.7 దగ్గర. మనకు 15 నుంచి 20 డిగ్రీలకు చేసిన చక్రం కావాలి. అట్ట మీద రాయకపోతే ధ్రువ నక్షత్రాన్ని చూడండి. బిళ్ల తిరిగే ఇరుసు దగ్గరే అది ఉంటుంది. మన చక్రంలో ఇరుసు కిటికీ ఉత్తర అంచుకు బాగా దగ్గరగా ఉండాలి. కిటికీ నడిమికి జరిగి ఉంటే అది మన ఊరికి చేసింది కాదు. ఆకాశంలోనూ అంతే. చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే సుమారు పది డిగ్రీలు. మనకు ధ్రువ నక్షత్రం రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. చెట్లు, ఇళ్లు అడ్డం లేకుంటేనే దొరుకుతుంది.

గడియారం గురించి కూడా ఒక మాట. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి పెట్టింది. మహబూబ్‌నగర్ దానికి నాలుగున్నర డిగ్రీలు పడమరగా ఉంది. అంటే మీ ఊరి ఆకాశం గడియారం కంటే 18 నిమిషాలు వెనక నడుస్తుంది. గడియారంలో 8:18 అయినప్పుడు చక్రాన్ని ఎనిమిదికి పెట్టుకుంటే సరిపోతుంది. మొదట్లో దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు. చుక్కలు రోజుకు నాలుగు నిమిషాలు ముందు ఉదయిస్తాయన్నది మాత్రం గుర్తుండాలి. పదిహేను రోజులకు గంట. ఇవాళ తొమ్మిదికి కనబడే ఆకాశమే పక్షం తర్వాత ఎనిమిదికి కనబడుతుంది. బిళ్ల అంచున తేదీలు, అట్ట మీద గంటలు పెట్టింది ఇందుకే.

మా నాయిన ఈ చక్రాన్ని ఎన్నడూ చూడలేదు. మాకు బత్తాయి తోట ఉండేది. 2018లో వ్యవసాయానికి 24 గంటల కరెంటు రాకముందు మాకు త్రీఫేజు ఎక్కువగా రాత్రిపూటే వచ్చేది. మోటరు వెయ్యడానికి నాయిన వెంట నేనూ పోయేవాణ్ణి. ఆయన చేతికి గడియారం ఉండేది కాదు. "పిల్లలకోడి నెత్తి మీదికొచ్చింది, ఇగ పోదాం పా బిడ్డా" అని లేపేవాడు. పిల్లలకోడి అంటే కృత్తికలు. తల్లికోడి చుట్టూ పిల్లలు ముద్దగా చేరినట్టు ఉండే ఆ చిన్న గుంపు. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. చక్రం మీది బొమ్మలన్నీ ఒకేసారి ఆకాశంలో వెతకొద్దు. తెలిసిన ఒక్క గుంపును పట్టుకుని, దాని పక్కనేముందో చక్రంలో చూసి, మళ్లీ తలెత్తి చూడాలి. నవంబర్ 15 రాత్రి ఎనిమిదికి పిల్లలకోడి తూర్పున మూడు పిడికిళ్ల ఎత్తులో ఉంటుంది. దాని కింద ఒకటిన్నర పిడికిలి దూరంలో ఎర్రగా ఒక పెద్ద చుక్క, అది రోహిణి. తొమ్మిదిన్నర దాకా ఆగితే రోహిణి కింద మూడు చుక్కలు వరసగా, దాదాపు నిలువుగా లేచి ఉంటాయి. మా నాయినమ్మ వాటిని గొల్లకావడి అనేది. ఓరియన్ అనే వేటగాడి ఆకారపు చుక్కల గుంపుకు నడుము పట్టీ అది. దానికి ఎడమ పక్క ఎర్రటిది ఆర్ద్ర, కుడి పక్క తెల్లటిది రిగెల్.

మీ అమ్మాయికి ఇక్కడ కొలత సమస్య వస్తుంది. నాకూ వచ్చింది. చక్రంలో ఓరియన్ బొటనవేలంత ఉంటుంది. ఆకాశంలోనూ అంతే ఉంటుందనుకుని చిన్న చిన్న గుంపుల్లో వెతుకుతాం. చెయ్యి చాపి జాన పెట్టించండి. బొటనవేలి చివరి నుంచి చిటికెనవేలి చివరికి ఇరవై డిగ్రీలకు కాస్త ఎక్కువ వస్తుంది. ఆర్ద్ర నుంచి రిగెల్‌కు జానకు కాస్త తక్కువ. గొల్లకావడి మూడు చుక్కల గీతను పైకి పొడిగిస్తే జాన దూరంలో రోహిణి, కిందికి పొడిగిస్తే జాన దూరంలోనే సిరియస్. ఇది ఒక్కసారి చేతితో కొలిచి చూసిన పిల్లలు చక్రంలోని సైజును మనసులోనే పెద్దది చేసుకోగలుగుతారు. దక్షిణం వైపు మరో ఇబ్బంది ఉంది. గుండ్రటి ఆకాశాన్ని బల్లపరుపు అట్ట మీద పరచడం వల్ల దక్షిణపు అంచు దగ్గరి బొమ్మలు అడ్డంగా సాగి ఉంటాయి. వృశ్చికం చక్రంలో లావుగా, ఆకాశంలో సన్నగా, చక్కటి తేలు కొండిలా ఉంటుంది. తేడా చూసి వేరే గుంపు అనుకోవద్దు.

రోహిణి దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక, ఎందుకంటే అది మీ ఊరి చుక్క. దాని స్థానం ఆకాశ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, ఉత్తరంగా 16.5 డిగ్రీలు. మీ ఊరి అక్షాంశం దాదాపు అంతే. అంటే ప్రతిరోజూ ఏదో ఒక వేళ రోహిణి మహబూబ్‌నగర్‌కు సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. నవంబర్ 30 అర్ధరాత్రికి చక్రం తిప్పి చూడండి, రోహిణి నెత్తిన ఉంటుంది. ఇప్పుడు బిళ్లను కదపకుండా ఆరు నెలల అవతలి తేదీని చూడండి. మే 31, పగలు పన్నెండు గంటలు. అదే ఆకాశం, నెత్తిన అదే రోహిణి. కానీ పక్కనే సూర్యుడు ఉంటాడు కాబట్టి చుక్క కనబడదు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని మన ఇళ్లల్లో అంటాం కదా, ఆ కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. సూర్యుడు రోహిణి దగ్గర ఉన్న రోజులే రోహిణి కార్తె. చిన్నప్పటి నుంచి ఈ మాట విన్నాను. చక్రం తిప్పి ఎండకూ చుక్కకూ ఉన్న ఈ లంకెను కళ్లతో చూసిన రోజు మాత్రం చాలాసేపు దాన్ని కింద పెట్టలేకపోయాను. మృగశిర కార్తె, ఆరుద్ర కార్తె కూడా ఇలాగే తీసి మీ అమ్మాయికి చూపించండి.

చక్రంలో లేని పెద్ద చుక్క ఆకాశంలో కనబడితే, అది మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలుగుతుంటే, గ్రహం అయి ఉంటుంది. గ్రహాలు చోటు మారుతుంటాయి కాబట్టి చక్రంలో అచ్చు వేయరు. అవి రాశుల గుండా గీసిన గీత పక్కనే ఉంటాయి. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టండి, ఫోను జేబులో పెట్టండి, చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలన్నా ఇవ్వండి. అమావాస్య ముందూ వెనకా రోజులైతే మేలు. ఫోను యాప్ కూడా చుక్క పేరు చెప్తుంది, కాదనను. అయితే స్క్రీను వెలుగుకు కళ్లు మళ్లీ మొదటికి వస్తాయి. ఆకాశం ఎలా తిరుగుతోందో వేలితో తిప్పి తెలుసుకోవడం దానిలో ఉండదు.

వీలైతే ఒక సెలవు రోజు కృష్ణా ఒడ్డున ముడుమాల్‌కు తీసుకెళ్లండి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది, ఇప్పుడు నారాయణపేటలో ఉంది. అక్కడి నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ చోట ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. వాటి అమరిక సప్తర్షి మండలానిదని అక్కడ ఏళ్ల తరబడి పరిశోధించిన ఆచార్య కె.పి. రావు చెప్పారు. నిలువురాళ్ల వయసు సుమారు 3500 ఏళ్లని పరిశోధకుల అంచనా. చక్రంలోని ఏడు చుక్కలను ఆ గుంటల పక్కన పెట్టి చూసే అవకాశం మీకు బస్సు దూరంలో ఉంది.

సప్తర్షుల కోసం ఫిబ్రవరి మధ్య దాకా ఆగండి. రాత్రి తొమ్మిదికి ఈశాన్యంలో ఏడూ అప్పుడే పైకి లేచి ఉంటాయి. తోక చివరిది దిగంతాన్ని ఆనుకుని ఉంటుంది, కొంచెం ఆగితే స్పష్టమవుతుంది. ఏప్రిల్‌లో అదే గంటకు ఉత్తరాన హాయిగా ఎత్తులో ఉంటాయి. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. దాన్ని ఆనుకుని సన్నగా మరో చుక్క, అరుంధతి. మీకు కనబడకపోయినా మీ అమ్మాయి కళ్లకు కనబడొచ్చు, అడిగి చూడండి.