తొలిసారి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటున్న హారికకు పెద్దమ్మ లేఖ

చిత్తూరు

చిరంజీవి హారికను పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు తిరుపతిలో కాంటాక్ట్ లెన్సులు తీసుకున్నావనీ, పెట్టుకోబోయిన ప్రతిసారీ రెప్పలు మూసుకుపోయి కన్నీళ్లు కారుతున్నాయనీ, ఇది నీకు చేతకాదేమోనని దిగులుపడుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కంటి ఆసుపత్రిలో లెన్సులు అమర్చే విభాగంలోనే ఉద్యోగ జీవితం గడిపినదాన్ని కనుక నీకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. అవసరమైనప్పుడు మళ్లీ తీసి చదువుకోవడానికి వీలుగా ఉంటుందని ఉత్తరం వ్రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక తేడా తెలుసుకో. కంట్లో ఏదో ఉన్నట్లు అనిపించడం, కాసేపు నీళ్లు ఊరడం, వెలుతురు కొంచెం ఎక్కువగా తోచడం తొలి రోజుల్లో సహజమే. వాటికి కన్ను అలవాటు పడుతుంది. నొప్పికి మాత్రం అలవాటు పడకూడదు. కొత్తలో అలాగే ఉంటుంది, ఓర్చుకో అని హాస్టల్లో ఎవరైనా అంటే, ఆ మాట లెన్సు స్పర్శకు చెల్లుతుంది గానీ నొప్పికి, ఎరుపుకు, మసకకు చెల్లదు. నల్లగుడ్డు మీద ఉండే కార్నియా అనే పారదర్శక పొరలో రక్తనాళాలు లేవు. అది తనకు కావలసిన ప్రాణవాయువును చాలావరకు కన్నీటి ద్వారా బయటి గాలి నుండే తీసుకుంటుంది. దాని మీద లెన్సు కప్పినప్పుడు ఆ గాలి కొంత తగ్గుతుంది. 1990ల చివర వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు పాతవాటికంటే ఎక్కువ గాలిని లోపలికి పోనిస్తాయి గానీ, అవి కూడా లెన్సు లేని కంటితో సమానం కావు. అందుకే లెన్సు అలవాటును గంటల లెక్కన పెంచుకోవాలి. మొదటి రోజు నాలుగు గంటలకు మించవద్దు. తరువాత, కన్ను హాయిగా ఉంటేనే, రోజుకు ఒకటి రెండు గంటల చొప్పున పెంచు. నీకు అమర్చినవారు వేరే లెక్క చెప్పి ఉంటే వారి మాటే పాటించు. పూర్తిగా అలవాటైన తరువాత కూడా రోజుకు పది పన్నెండు గంటలు దాటనివ్వవద్దు. సాయంత్రం గదికి చేరగానే తీసి కళ్లజోడు పెట్టుకో.

ఇక పెట్టుకునే పద్ధతి. రెప్ప మూసుకోవడం నీ పిరికితనం కాదు. కంటి మీదికి ఏది వచ్చినా రెప్ప దానంతట అదే వాలుతుంది. కాబట్టి దానితో పోరాడకుండా రెప్పలను సరిగా పట్టుకోవడం నేర్చుకోవాలి. అందరూ పొరపడేది ఇక్కడే: రెప్పను మధ్యలో పట్టుకుంటారు, అది జారి మూసుకుంటుంది. ఎడమచేతి వేలితో పైరెప్పను వెంట్రుకల మొదట్లో, అంచు దగ్గరే, నుదుటి వైపుకు ఎత్తి పట్టాలి. కుడిచేతి నడిమివేలితో కిందిరెప్పను కిందికి లాగి, అదే చేతి చూపుడువేలి కొన మీద ఉన్న లెన్సును అద్దంలోకి నేరుగా చూస్తూ మెల్లగా ఆనించాలి. ఆనిన వెంటనే చేయి తీయకుండా, ఒకసారి కిందికి, ఒకసారి పక్కలకు చూసి, అప్పుడు ముందు కిందిరెప్పను, తరువాత పైరెప్పను వదలాలి. రెండు మూడు రోజులు లెన్సు లేకుండానే రెప్పలు పట్టి చూపు నిలపడం సాధన చేస్తే, ఆ తరువాత పని తేలికవుతుంది. రోజూ కుడికన్నుతోనే మొదలుపెట్టు. రెండు కళ్ల పవర్లు వేరైనప్పుడు తారుమారు కాకుండా ఈ ఒక్క అలవాటు కాపాడుతుంది.

పెట్టుకునే ముందు లెన్సును వేలి కొన మీద నిలిపి పక్కనుండి చూడు. గిన్నెలా అంచులు నిటారుగా ఉంటే సరి. అంచులు బయటికి విచ్చుకొని ఉంటే తిరగబడినట్లు. తిరగబడిన లెన్సు ప్రమాదకరం కాదు గానీ రోజంతా గరగరలాడుతుంది. తీసేటప్పుడు పైకి చూస్తూ, లెన్సును చూపుడువేలితో తెల్లగుడ్డు మీదికి జార్చి, బొటనవేలి, చూపుడువేలి మెత్తని భాగాలతో పట్టి తీయాలి. ఎండి అతుక్కుపోయినట్లనిపిస్తే గిల్లవద్దు, లెన్సులకు పనికివచ్చే చుక్కల మందు వేసి కొన్ని నిమిషాలు ఆగు. ఒకవేళ లెన్సు కనబడకపోయినా కంటి వెనుకకు పోయిందని భయపడవద్దు. తెల్లగుడ్డు మీది పొర రెప్పల లోపలివైపుకు మడత పడి అక్కడే మూసుకుని ఉంటుంది, వెనుకకు దారి లేదు. లెన్సు సాధారణంగా పైరెప్ప కింద దాగి ఉంటుంది.

ఇప్పుడు చెప్పబోయేదాన్ని ఈ ఉత్తరంలో ముఖ్యమైనదిగా తీసుకో. లెన్సుకు, దాని డబ్బాకు నీరు తగలకూడదు. మెత్తని లెన్సులకు కావలసిన, నీటిని పీల్చుకునే పదార్థాన్ని చెక్ రసాయన శాస్త్రవేత్త ఓటో విఖ్టర్లే రూపొందించాడు. 1961లో దానితో లెన్సులు పోతపోసి చూపించాడు. ఆ పీల్చుకునే గుణం వల్లనే అవి కంటికి హాయిగా ఉంటాయి, కానీ నీటిలో ఉన్న సూక్ష్మజీవులూ వాటిని అంటిపెట్టుకోగలవు. నీటిలోను, మట్టిలోను ఉండే అకాంతమీబా అనే జీవి కార్నియాలో చేరితే కలిగే నొప్పి దుర్భరం, చికిత్స నెలల తరబడి సాగుతుంది, చూపు దెబ్బతినవచ్చు. అటువంటి రోగుల పక్కన కూర్చున్నదాన్ని కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. కొళాయి నీరు గానీ, ఫిల్టరు నీరు గానీ, కాచి చల్లార్చిన నీరు గానీ వాడవద్దు, నోటి తడి అసలే వద్దు. స్నానం ముగించిన తరువాతే లెన్సులు పెట్టుకో. కపిలతీర్థంలో జలపాతం కింద నిలబడాలన్నా, తిరుమలలో స్వామి పుష్కరిణిలో మునగాలన్నా, స్నేహితులతో తలకోనకు వెళ్లినా, ముందు లెన్సులు తీసి కళ్లజోడుతో వెళ్లు. స్వామి దర్శనం కళ్లజోడుతోనూ బాగానే అవుతుంది.

ప్రతి రాత్రి లెన్సును అరచేతిలో పెట్టి, లెన్సులను శుభ్రపరచడానికి అమ్మే సొల్యూషన్ అనే ద్రవం వేసి వేలితో మృదువుగా రుద్ది, మళ్లీ సొల్యూషన్‌తోనే కడిగి డబ్బాలో ఉంచు. సీసా మీద రుద్దనవసరం లేదని వ్రాసి ఉన్నా రుద్దడమే మేలని నా అనుభవం. డబ్బాలో నిన్నటి సొల్యూషన్ మీద కొత్తది పోయవద్దు. పాతది పారబోసి, డబ్బాను సొల్యూషన్‌తో కడిగి, మూతలు తీసి బోర్లించి ఆరనివ్వు. డబ్బాను మూడు నెలలకొకసారైనా మార్చు. నెల లెన్సు అంటే తెరిచిన రోజునుండి నెల. మధ్యలో పది రోజులు పెట్టుకోలేదు కదా అని గడువు పొడిగించకూడదు.

నిద్ర విషయంలో రాజీ లేదు. మూసిన రెప్పల కింద కార్నియాకు గాలి ఇంకా తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. హైదరాబాదుకు రాత్రి బస్సు ఎక్కేటప్పుడు, బస్సులో చేతులు శుభ్రంగా ఉండవు కనుక, గదిలోనే తీసి బయలుదేరు.

మన ఇళ్లలో వంటగది కూడా చూసుకోవలసినదే. ఊరుబిండికి మిరపకాయలు ముట్టుకున్న చేతులు ఒకసారి సబ్బుతో కడిగినా ఘాటు మిగిలిపోతుంది. వంటకు ముందే లెన్సులు తీసేయి. కాటుకను రెప్ప లోపలి అంచున పెట్టవద్దు. అలంకరణకు ముందు లెన్సులు పెట్టుకోవాలి, అలంకరణ తుడుచుకోవడానికి ముందు తీయాలి. మే నెలలో గంగజాతరకు మన పిల్లలు కుంకుమ, బొగ్గు పూసుకుని వేషాలు కడతారు. ఆ సందడిలోకి నీవు కళ్లజోడుతోనే వెళ్లు. అలిపిరి రోడ్డు మీద స్కూటీ నడిపేటప్పుడు హెల్మెట్ అద్దం దించుకో. పెళ్లిళ్లలో రంగు లెన్సులు ఒకరివి మరొకరు పెట్టుకునే వింత అలవాటు ఈమధ్య చూస్తున్నాను. పవర్ లేకపోయినా అవి కంటి కొలతకు అమర్చవలసినవే. ఎవరు ముచ్చటపడి అడిగినా ఇవ్వవద్దు, తీసుకోవద్దు.

లెన్సు చీటీలోని పవర్ కళ్లజోడు పవర్‌తో కలవలేదని నీకు అనుమానం వచ్చిందట. కళ్లజోడు కంటికి కాస్త ఎడంగా ఉంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది, అందువల్ల మైనస్ 6 అద్దాలు వాడేవారికి సుమారు మైనస్ 5.5 లెన్సు సరిపోతుంది. అది పొరపాటు కాదు.

నొప్పి, తగ్గని ఎరుపు, పుసి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే లెన్సు తీసేయి. తీసిన తరువాత హాయిగా అనిపించినా తిరిగి పెట్టుకోవద్దు. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు. నీకు దగ్గరలో రుయా ఆసుపత్రి కంటి విభాగం ఉంది. లెన్సులను, డబ్బాను పారవేయకుండా వెంట తీసుకువెళ్లు, అవసరమైతే వాటినుండి క్రిమిని పరీక్షించవచ్చు. మందుల దుకాణంలో అడిగి ఏదో ఒక చుక్కల మందు తెచ్చి వేసుకోవద్దు, అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

వచ్చే వారం నిన్ను తిరిగి రమ్మన్నారని మీ అమ్మ చెప్పింది. కళ్లు బాగానే ఉంటే ఆ రోజు లెన్సులు పెట్టుకున్న రెండు మూడు గంటల తరువాతే పరీక్షకు వెళ్లు, అప్పుడే అవి కంటి మీద ఎలా కదులుతున్నాయో వారికి తెలుస్తుంది. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నావో, ఏ వేళకు కన్ను పొడిబారిందో కాగితం మీద వ్రాసుకుని వెళ్లి చూపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ