మడత కత్తి కేసు: పంచనామాలో బ్లేడు కొలత ఎక్కడ?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హనుమకొండలో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుతున్నాను. నాన్నగారు లేరు, అమ్మ బట్టలు కుట్టి నన్ను ఇంతవరకు తెచ్చింది. 2024 సెప్టెంబరులో, వినాయక నిమజ్జనం రోజుల్లో, పోలీసులు రాత్రి వాహనాలు తనిఖీ చేస్తూ నా స్కూటర్ డిక్కీలో ఉన్న పెద్ద మడత కత్తిని స్వాధీనం చేసుకున్నారు. అది ఆన్‌లైన్‌లో అందరికీ అమ్ముతున్నదే. నేను ఎవరినీ బెదిరించలేదు, బయటకు కూడా తీయలేదు. ఆత్మరక్షణ కోసం ఉంచుకున్నానని వారికి చెప్పాను. ఆయుధాల చట్టం సెక్షన్ 25(1-బి)(బి) కింద, కమిషనర్ గారి నిషేధాజ్ఞను ఉల్లంఘించానని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 223 కింద కేసు పెట్టారు. ఛార్జిషీటు కాపీలు కోర్టులో ఇచ్చి ఆరు వారాలు దాటింది. భయం వేసి ఇంతవరకు చదవలేదు, ఫోటోలు తీసి మీకు పంపుతున్నాను. పండ్ల తోట పనికి కొన్నట్లు పాత తేదీతో బిల్లు తెచ్చిస్తానని మా బావ అంటున్నాడు. తప్పు ఒప్పుకుంటే చిన్న జరిమానాతో పోతుందని కోర్టు దగ్గర ఒకాయన చెప్పారు. ఏడాది దాటింది కనుక కేసుకు కాలదోషం పట్టిందని మిత్రుడు అంటున్నాడు. త్వరలో కోచింగ్ కోసం ఢిల్లీ వెళ్లాలి. నా జీవితం ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ కుటుంబ పరిస్థితి, మీరు ఎవరినీ బెదిరించలేదన్న మాట శిక్ష ఖరారు చేసే దశ వస్తే న్యాయమూర్తి దృష్టికి తేవలసినవి. నేరం జరిగిందా లేదా అన్న ప్రశ్నను అవి తేల్చవు. మీరు పంపిన కాగితాల్లో దానిని తేల్చేది పంచనామా రెండో పేజీలోని ఒకే వాక్యం: “16½ అంగుళాల పొడవు గల మడత కత్తి ఒకటి.” ఆ 16½ అంగుళాలు పిడితో కలిపి, కత్తిని పూర్తిగా విప్పినప్పుడు వచ్చే పొడవు. మీరు కొన్న పెట్టె మీద ముద్రించిన వివరాల ప్రకారం బ్లేడు పొడవు 19 సెంటీమీటర్లు, వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు. చట్టం లెక్కలోకి తీసుకునేది బ్లేడునే. మీ పంచనామాలో గాని, ఎఫ్‌ఐఆర్‌లో గాని, ఛార్జిషీటులో గాని బ్లేడు పొడవు ఎంతో, వెడల్పు ఎంతో ఒక్క అక్షరం లేదు.

ఇది ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే చట్టం ఎలా అమరిందో తెలియాలి. 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 2(1)(సి) ప్రకారం దాడికి గాని రక్షణకు గాని ఆయుధంగా రూపొందించిన లేదా మలచిన ఏ వస్తువైనా ఆయుధమే. పదునైన అంచు గల ప్రాణాంతక ఆయుధాలూ అందులో చేరతాయి. కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో రూపొందించిన వస్తువులను మాత్రం ఆ నిర్వచనం మినహాయిస్తుంది. అయితే తుపాకీకి లైసెన్సు కావాలన్నట్లుగా కత్తికి దేశమంతటా లైసెన్సు కావాలని ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు. తుపాకుల సంగతి సెక్షన్ 3 చూసుకుంటుంది. కత్తుల వంటి వాటికి సెక్షన్ 4 ఉంది; అది తనంతట తాను అమలులోకి రాదు. ఫలానా ప్రాంతంలో, ఫలానా రకం ఆయుధాలకు ఈ సెక్షన్ వర్తిస్తుందని అధికారిక గెజిట్‌లో నోటిఫికేషన్ వెలువడాలి. మీ మీద పెట్టిన 25(1-బి)(బి) కూడా “సెక్షన్ 4 కింద నోటిఫికేషన్‌లో పేర్కొన్న ప్రదేశంలో, అందులో పేర్కొన్న రకం ఆయుధాన్ని” కలిగి ఉండడాన్నే శిక్షిస్తుంది. కాబట్టి నోటిఫికేషన్ ఉందని, అది మీరు పట్టుబడిన ప్రాంతానికి వర్తిస్తుందని, మీ కత్తి అందులో చెప్పిన రకానికి, కొలతకు సరిపోతుందని, ఈ మూడింటినీ రుజువు చేయవలసిన భారం ప్రాసిక్యూషన్‌దే. మీ ఛార్జిషీటులో నోటిఫికేషన్ నంబరు లేదు, తేదీ లేదు, ప్రతి జతపరచలేదు. కొలత లేకుండా, నోటిఫికేషన్ లేకుండా ఈ సెక్షన్ కింద అభియోగం మోపడానికి ఆధారం ఏమిటన్నదే కోర్టు ముందు మీరు పెట్టవలసిన ప్రశ్న.

2016 నాటి ఆయుధాల నిబంధనల ఒకటో షెడ్యూలు, అయిదో వర్గంలో కత్తులు, కృపాణాలు, కుక్రీలు, బాకుల గురించి చెబుతూ 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల బ్లేడు ఉన్న ఆయుధాలను ప్రస్తావించారు. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు రూపొందించినవి అందులోకి రావు. మీ పెట్టె మీది లెక్క నిజమైతే మీ బ్లేడు ఏడున్నర అంగుళాలకు మించదు, వెడల్పు ఒకటిన్నర అంగుళానికి దగ్గర. పంచనామా రాసినవారు టేపును పిడి చివర నుంచి పట్టడం వల్లనే మీ కత్తి 9 అంగుళాలు దాటినట్లు కనబడుతోంది.

ఢిల్లీలో 1980లో జారీ అయిన నోటిఫికేషన్ స్ప్రింగుతో గాని బటన్‌తో గాని మరే యాంత్రిక అమరికతో గాని తెరుచుకునే కత్తుల బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, లేదా అంతకు మించి ఉంటే వర్తిస్తుంది. అటువంటి ఒక బటన్ కత్తి కేసు 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ నోటిఫికేషన్ మాటలు తయారీ, అమ్మకం, అమ్మకం కోసమో పరీక్ష కోసమో కలిగి ఉండడం గురించి అయితే, ఆ ఉద్దేశం ఛార్జిషీటులో లేదు కనుక కోర్టు ఆ కేసును కొట్టివేసింది. నోటిఫికేషన్‌లోని ప్రతి మాటనూ ప్రాసిక్యూషన్ నెరవేర్చి చూపాలన్నదే మీకు పనికివచ్చే సంగతి. అయితే ఆ తీర్పును చూసి ఢిల్లీకి ఇటువంటి కత్తిని వెంట తీసుకుపోవచ్చని అనుకోకండి. అక్కడ అనుమతించే కొలత మీ బ్లేడులో సగం కూడా కాదు. గెలిచే కేసైనా ముందు అరెస్టు, తరువాత ఏళ్ల తరబడి వాయిదాలు తప్పవు.

ఇప్పుడు మీ బావగారి సలహా. ఆ బిల్లును ముట్టుకోకండి. న్యాయ విచారణలో వాడడానికి అబద్ధపు సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా విధించదగిన నేరం. అందులో మీరు, మీ బావగారు, బిల్లు రాసిచ్చిన దుకాణదారు ముగ్గురూ ముద్దాయిలవుతారు. దీనికి మించిన నష్టం మరొకటి ఉంది. తోట పనికే కొన్నానని వాదించిన మరుక్షణం కేసు కొలత నుంచి, నోటిఫికేషన్ నుంచి జారి, “ఇది నిజంగా కేవలం వ్యవసాయానికి రూపొందించిన కత్తేనా” అన్న ప్రశ్న మీదికి పోతుంది. లాక్ పడే అంత పెద్ద మడత కత్తి, స్కూటర్ డిక్కీలో, అర్ధరాత్రి, నిమజ్జనం దారిలో దొరికింది. ఆత్మరక్షణకే ఉంచుకున్నానని మీరే చెప్పారు. ఆ కత్తిని చేతిలో తిప్పుతూ మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన రీలు ప్రతి కూడా ఛార్జిషీటుకు జతచేశారు. ఆ ప్రశ్న మీద మీరు ఓడిపోతారు. గెలవగలిగిన వాదనను చేతులారా వదిలి ఓడిపోయే వాదనను కొనుక్కోవడానికా ఆ బిల్లు?

రీలును ఇప్పుడు తొలగించకండి. కోర్టులో దాఖలు కాకుండా చేయడానికి ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం సెక్షన్ 241 కింద మరో నేరం. పోలీసులకు మీరిచ్చిన వాంగ్మూలం గురించి అంత భయం అక్కర్లేదు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని ముద్దాయి మీద రుజువు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 23 అనుమతించదు. రీలు సంగతి వేరు, అది మీరు లోకానికి చెప్పిన మాట. పేరు కోసం ఆయుధంతో వీడియోలు పెట్టే యువకులు నా దగ్గరకు తరచుగా వస్తున్నారు. ఉద్యోగం కోసం కష్టపడే తల్లి కొడుకు ఆ పని చేయడం నన్ను నిజంగా బాధించింది. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉన్నది దాడి జరుగుతున్న, లేదా జరగబోతోందని సహేతుకంగా భయపడే క్షణానికి. ఆయుధం వెంట పెట్టుకు తిరగడానికి అది లైసెన్సు కాదు. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారన్నదీ అంతే, అమ్మేవాడి ధైర్యం కొనేవాడికి అనుమతి పత్రం కాదు.

తప్పు ఒప్పుకోమన్న సలహా మరీ ప్రమాదకరం. సెక్షన్ 25(1-బి) కింద చట్టమే కనీస జైలు శిక్ష నిర్ణయించింది. దానికన్నా తక్కువ వేయాలంటే తగిన ప్రత్యేక కారణాలను న్యాయమూర్తి తీర్పులో రాయాలి. “చిన్న జరిమానా” అన్నది ఎవరో కోర్టు వరండాలో ఇచ్చిన హామీ మాత్రమే. ఒప్పుకున్న క్షణం నుంచి మీరు ఆయుధాల చట్టం కింద శిక్ష పడిన వ్యక్తి. ప్రభుత్వోద్యోగానికి చదివేవారికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. కేసు పెండింగులో ఉండగా ఏ దరఖాస్తులోనైనా క్రిమినల్ కేసు ఉందా అని అడిగితే ఉందనే రాయండి. దాచడం ఉద్యోగానికి ఎంత ప్రమాదమో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లోనే వివరించింది.

కాలదోషం గురించి మీ మిత్రుడు సగం విని చెప్పాడు. సెక్షన్ 223 నేరానికి గరిష్ఠ శిక్ష ఏడాదికి మించదు కనుక విడిగా చూస్తే గడువు ఏడాదే. కాని క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 514 ప్రకారం కలిపి విచారించదగిన నేరాలకు ఎక్కువ శిక్ష ఉన్న నేరపు గడువే వర్తిస్తుంది; పైగా లెక్కలో ఎఫ్‌ఐఆర్ నమోదైన తేదీ ముఖ్యం. అందుచేత ఆ దారిలో మీకు లాభం లేదు. అదే సెక్షన్ 223 మీద అసలు లోపం మరొకచోట ఉంది. నిషేధాజ్ఞ ఉల్లంఘన నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించాలంటే ఆ ఆజ్ఞ ఇచ్చిన అధికారి గాని, ఆయనకు పై అధికారి గాని, ఆయన అధికారమిచ్చిన మరో అధికారి గాని లిఖితపూర్వకంగా ఫిర్యాదు దాఖలు చేయాలని నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 215 చెబుతోంది. మీ కాపీలలో అటువంటి ఫిర్యాదు లేదు, పోలీసు ఛార్జిషీటు మాత్రమే ఉంది. ఆ అభ్యంతరం తప్పక లేవనెత్తండి.

మీకు నిజంగా ముంచుకొస్తున్న గడువు వేరే ఉంది, దానిని మీరు చూడనే లేదు. వారంటు కేసులలో, అంటే మీ కేసులాగా రెండేళ్లకు మించిన జైలు శిక్ష పడగల కేసులలో, ముద్దాయి తనను అభియోగం నుంచి విముక్తుడిని చేయమని కోరే దరఖాస్తును, కాపీలు అందిన తేదీ నుంచి 60 రోజులలోగా వేసుకోవాలని అదే సంహిత సెక్షన్ 262 నిర్దేశించింది. ఆరు వారాలు కాగితాలు విప్పకుండా కూర్చున్నారు! మిమ్మల్ని విడిపించగలిగిన వాక్యం, అంటే ఆ 16½ అంగుళాల వాక్యం, ఇన్నాళ్లూ మీ ఇంట్లోనే మూసిన కవరులో ఉంది. ఇక మిగిలినవి మూడు వారాలు కూడా కావు. గడువు దాటితే వాదన వినిపించడానికి ముందు ఆలస్యాన్ని మన్నించమని వేడుకోవలసి వస్తుంది.

కనుక ఈ వారంలోనే క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని పెట్టుకోండి. ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. విముక్తి దరఖాస్తులో నోటిఫికేషన్ లేకపోవడం, బ్లేడు కొలత లేకపోవడం, 215 కింద ఫిర్యాదు లేకపోవడం, ఈ మూడే ప్రధానంగా ఉండాలి. స్వాధీనం చేసుకునే ప్రక్రియను వీడియో తీయాలని సెక్షన్ 105 చెబుతోంది. ఆ వీడియో ప్రతిని కోరండి. తీయలేదంటే ఆ మాటే రికార్డులో చేరుతుంది, తీసి ఉంటే టేపు ఎక్కడ పట్టారో కనబడుతుంది. కత్తిని తిరిగి ఇమ్మని ఇప్పుడు అడగవద్దు. అది కోర్టు ఆధీనంలో, సీలుతో ఉండడమే మీకు మంచిది. బ్లేడును పిడి అంచు నుంచి మొన వరకు, వెడల్పు ఎక్కువగా ఉన్నచోట అడ్డంగా కొలిపించి నమోదు చేయమని మాత్రం కోరండి. మీ దగ్గరున్న పెట్టెను, ఆన్‌లైన్ ఆర్డరు రసీదును పారేయకండి, అవి నిజమైన పత్రాలు. ప్రాసిక్యూషన్ పత్రాలు ఒప్పుకుంటారా అని కోర్టు అడిగినప్పుడు పంచనామాను గుడ్డిగా ఒప్పుకోకుండా, కొలత విషయంలో వివాదం ఉందని రాయించండి.

విముక్తి దరఖాస్తు తిరస్కరిస్తే సెక్షన్ 528 కింద హైకోర్టును ఆశ్రయించే దారి మిగిలే ఉంటుంది. అప్పుడు కూడా ఇవే కాగితాలు కావాలి. ఢిల్లీ ప్రయాణానికి ముందు మీ బెయిలు ఉత్తర్వులో ఊరు విడిచి వెళ్లడంపై షరతు ఉందేమో చూసుకోండి, ఉంటే కోర్టు అనుమతి తీసుకున్నాకే రైలెక్కండి. తరువాతి వాయిదాకు మీరు స్వయంగా హాజరు కావాలా, న్యాయవాది హాజరైతే సరిపోతుందా అన్నది కూడా దరఖాస్తు వేసే రోజునే అడిగి తెలుసుకోండి.