వెదురు కుర్చీ కింద తెల్ల పిండి

ప్రశ్న: ఏటూరునాగారం వైపు నుంచి తెప్పించిన వెదురు కుర్చీలు వరండాలో ఉన్నాయి. రోజూ పొద్దున ఊడ్చేటప్పుడు కాళ్ల కింద సన్నటి తెల్ల పిండి కనిపిస్తోంది. బొంగుకు గుండుసూది తల పట్టేంత రంధ్రాలు పడ్డాయి. కిరోసిన్ పోసినా ఆగలేదు. పత్తికి కొట్టగా మిగిలిన మందు పూయమంటున్నారు. పూయొచ్చా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. రోజూ చేతులు ఆనే కుర్చీ అది, చిన్నపిల్లలుంటే నోరు కూడా పెడతారు. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి. పొలం మందు పొలం దాటి రాకూడదు.

మీ కుర్చీలకు పట్టింది పుచ్చు పురుగు. బొంగులో ఉండే పిండిపదార్థమే దాని తిండి. రంధ్రంలో పురుగు కూర్చుని ఉంటుందనుకుని కిరోసిన్ పోస్తారు. నిజానికి ఆ రంధ్రాల్లో చాలావరకు రెక్కలొచ్చిన పురుగు బయటపడి వెళ్లిపోయిన దారులే. బొంగును తొలిచే పిల్ల పురుగులు లోపల పిండి కూరుకుపోయిన సొరంగాల్లో ఉంటాయి. కిరోసిన్ అంతదాకా పోదు.

ముందు పురుగు ఇంకా బతికి ఉందో లేదో చూడండి. కుర్చీని బాగా తట్టి పిండంతా రాల్చండి. ఉన్న రంధ్రాల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, కింద నల్ల కాగితం పరచి వారం ఆగండి. ముఖానికి రాసుకునే పౌడర్‌లా వేళ్ల మధ్య జారే పిండి మళ్లీ పడితే పురుగు బతికే ఉన్నట్టు. రాలింది ఇసుకలా గరగరలాడితే అది పొడి చెక్కలో బతికే చెద పని, పుచ్చు పురుగుది కాదు.

పురుగు ఉందని తేలితే లీటరు వేడి నీళ్లలో 60 గ్రాముల వెలిగారం, 40 గ్రాముల బోరిక్ పౌడర్ పూర్తిగా కరిగించండి. వెలిగారమంటే బంగారం పనివాళ్లు వాడేదే. క్యారమ్ పౌడర్ పేరుతో అమ్మేదంతా బోరిక్ కాదు, ప్యాకెట్ చూసి కొనండి. వంట గిన్నెలు వాడొద్దు, చేతులకు గ్లౌజులు వేసుకోండి, పిల్లలకు అందనివ్వొద్దు.

ఎక్కువమంది తప్పు చేసేది పూతలోనే. వార్నిష్ మీద ఎంత పూసినా ఈ నీళ్లు లోపలికి ఇంకవు, అందుకని ముందు గరుకు కాగితంతో వార్నిష్ గీకేయాలి. బొంగు పైతోలు కూడా నీళ్లు పీల్చదు. కోసిన కొనలకు, అతుకులకు, చీలికలకు తడిసి కారేలా పూయండి. రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించండి. రోజు విడిచి రోజు మూడుసార్లు చేసి, వారం నీడలో ఆరబెట్టి, అప్పుడు వార్నిష్ వేయండి. వార్నిష్ లేకపోతే వాన జల్లుకు మందంతా కొట్టుకుపోతుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయే కాలు మాత్రం బాగుపడదు, మార్పించండి.

ఈసారి మేదరివాళ్ల దగ్గర కొనేటప్పుడు చెరువు నీళ్లలో రెండు మూడు వారాలు నానబెట్టిన బొంగేనా అని అడగండి. నానితే పిండిపదార్థం చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది, పురుగుకు తిండి తగ్గుతుంది.

ప్రశ్న: వానలు మొదలైనప్పటి నుంచి టేకు ఉయ్యాల బల్ల మీద నువ్వు గింజలో సగం కూడా లేని తెల్లటి పురుగులు పరుగెత్తుతున్నాయి. బల్ల పాడవుతుందా? – కాజీపేట పాఠకుడు

జవాబు: పాడవదు. అవి చెక్కను తినవు, తడికి పట్టిన బూజును తింటాయి. గుడ్డతో బూజు తుడిచి, బల్లను గోడకు జానెడు దూరం జరిపి, మెత్తలు తీసి గాలి తగలనివ్వండి. చెక్క ఆరితే అవే పోతాయి. స్ప్రే కొడితే ఆ పూటకు చస్తాయి, తడి ఉన్నన్నాళ్లూ మళ్లీ వస్తాయి.

ప్రశ్న: వరండాలోని నవారు మంచానికి నల్లులు. ఎండలో వేసి కర్రతో కొట్టినా పోవట్లేదు. – పరకాల పాఠకురాలు

జవాబు: ఎండలో వేస్తే నల్లి చావదు, అడుగున నీడ ఉన్న వైపుకు జారుకుంటుంది. నవారు విప్పి మరిగిన నీళ్లలో అరగంట ముంచండి. కోళ్లూ పట్టెలూ కలిసే రంధ్రాలను టార్చ్ వేసి చూడండి. సిరా చుక్కల్లాంటి నల్ల మరకలున్న చోటే వాటి కాపురం. అక్కడ కెటిల్‌తో సలసల కాగే నీళ్లు సన్నటి ధారగా పోయండి, కాళ్లు చేతులు జాగ్రత్త. గుడ్లన్నీ ఒకేసారి పోవు కాబట్టి పది రోజులకు మళ్లీ ఒకసారి పోయండి. ఆలోగా ఇంట్లో పడుకునే మంచాల అతుకులూ చూడండి, అక్కడ ఉంటే వరండా మంచానికి మళ్లీ ఎక్కుతాయి.