మూడో పీరియడ్‌లో తలపోటు, ముఖాన చెమట: సమాధానం

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మీకు, మూడో పీరియడ్‌లో పాఠం చెబుతుండగా తలపోటు, ముఖాన చెమట వస్తున్నాయని, దేవరకొండ ఎండ వల్లేమోనని రాశారు. ఇది ఎండ వల్ల కాకపోవచ్చు సార్. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారికి మూత్రాశయం నిండిపోతే బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. మీరు రాసిన లక్షణాలు అవే. ప్రాణం మీదికి రావచ్చు.

1. స్టాఫ్ రూమ్ బెంచీ మీద పడుకోబెడుతున్నారన్నారు. అది మాత్రం వద్దు! పడుకుంటే బీపీ ఇంకా పెరుగుతుంది. నిటారుగా కూర్చుని కాళ్లు కిందికి వేలాడనివ్వండి. తోటి ఉపాధ్యాయులకు ఈ ఒక్క మాట ఈరోజే చెప్పిపెట్టండి.
2. బెల్టు, బూట్లు, మూత్రపు సంచి పట్టీ వదులు చేయించండి.
3. కెథెటర్ (మూత్రాశయం నుంచి సంచిలోకి మూత్రం తెచ్చే) గొట్టం తొడ కింద మడతపడిందేమో చూడండి. చాలాసార్లు చిక్కు అక్కడే ఉంటుంది.
4. తగ్గకపోతే వెంటనే 108. మీ మామూలు పై బీపీ 100 అయితే 130 కూడా ఎక్కువేనని డాక్టరుకు చెప్పండి.