అతని మౌనానికి అర్థాలు వెతకడం మాని, అతన్నే అడగండి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది ఖమ్మం. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటున్నాను. మా ఆఫీసులోనే వేరే టీమ్‌లో పనిచేసే అబ్బాయితో ఎనిమిది నెలలుగా చనువు పెరిగింది. శని, ఆదివారాలు కలిసి తిరుగుతాం, అర్ధరాత్రి దాకా మాట్లాడుకుంటాం. ఆ తర్వాత ఉన్నట్టుండి నాలుగైదు రోజులు ఫోన్ ఎత్తడు. మళ్లీ ఏమీ జరగనట్టే వస్తాడు. ‘మన మధ్య ఏముంది?’ అంటే, ‘బాగానే ఉన్నాం కదా, దీనికి పేరెందుకు?’ అంటాడు. నాకూ తొందర లేదని చెప్పాను కానీ లోపల నలిగిపోతున్నాను. ఇంట్లో ఒక సంబంధం చూసి పెళ్లిచూపులకు రమ్మంటున్నారు. అతని మనసులో ఏముందో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీరు రాసినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది, ‘నాకూ తొందర లేదని చెప్పాను’ అన్న మాట. అతని తీరు అంతుబట్టడం లేదన్న మీ బాధ న్యాయమైనదే. కానీ మీ నుంచి అతనికి చేరిన మాట కూడా మీ మనసులో ఉన్నదానికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంది. అడిగితే ఎక్కడ దూరమవుతాడోనని, వెంటపడుతోందన్న మాట ఎక్కడ పడాల్సి వస్తుందోనని మీరు అలా అని ఉంటారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. అయితే మీరు దాచుకున్న కోరికను అతను తనంతట తాను గ్రహించాలని ఎదురుచూడటం మాత్రం మీకు మీరే విధించుకున్న శిక్ష అవుతుంది.

అతను మాయమైన రోజుల్లో మీరు పడే ఆరాటాన్ని ప్రేమకు కొలతగా తీసుకోకండి. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి పావురాలపై చేసిన ప్రయోగాల ఫలితాలను 1957లో ప్రచురించారు. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజలు దొరకడానికి అలవాటుపడిన పావురం, అవి రావడం ఆగిపోగానే తొందరగా ప్రయత్నం మానుకునేది. ఎప్పుడు దొరుకుతాయో తెలియకుండా అప్పుడప్పుడు మాత్రమే దొరికిన పావురం చాలాసేపు పొడుస్తూనే ఉండేది. మనుషుల అనుబంధాలు ఇంతకంటే ఎంతో జటిలమైనవే గానీ, నాలుగు రోజుల నిశ్శబ్దం తర్వాత ఫోన్ మోగినప్పుడు మీకు కలిగే సంతోషంలో అతనిపై ఇష్టం ఎంత, ఆందోళన తీరిన ఊరట ఎంత అన్నది మీరు నిదానంగా ఆలోచించుకోవలసిన విషయం.

అతను మోసగాడని ఈ కొద్ది వివరాలతో నేను అనలేను. ఇంట్లో పెళ్లి కావలసిన అక్కో చెల్లెలో ఉండవచ్చు, కులం పేరుతో పెద్దలు ఒప్పుకోరన్న జంకు ఉండవచ్చు, లేదా ఇప్పుడున్న చనువు చాలని, అంతకు మించి వద్దని అనుకుంటూ ఉండవచ్చు. వీటిలో ఏది నిజమైనా చెప్పవలసిన బాధ్యత అతనిదే. ఆ కారణాలను మీరే ఊహించి, అతని తరఫున మీకు మీరే నచ్చజెప్పుకుంటూ ఉంటే అతనికి నోరు విప్పే అవసరం ఎప్పటికీ రాదు.

కనుక ఒక్కసారి స్పష్టంగా అడగండి. వాట్సాప్‌లో వద్దు, ఆఫీసు నుంచి తిరిగి వచ్చే మెట్రో రద్దీలోనూ వద్దు. సెలవు రోజున, ఇద్దరూ తీరికగా కూర్చోగల చోట, ‘తొందర లేదని నేను ఇదివరకు అన్నది నిజం కాదు. ఈ బంధం పెళ్లి దాకా వెళ్లాలని నాకుంది. నీకు ఆ ఉద్దేశం ఉందా, లేదా?’ అని అడగండి. మీ మనసులో ఉన్నది పెళ్లి కాకపోతే, ఉన్నదేమిటో అదే చెప్పండి. సంబంధం వచ్చిందన్న సంగతిని దాచవద్దు, బెదిరింపుగానూ వాడవద్దు. పోటీకి భయపడి ఇచ్చిన మాట ఆ భయం తగ్గగానే సడలిపోవచ్చు.

కొంత వ్యవధి కావాలని అతను అంటే, ఎంత కావాలో, ఆలోగా ఏం చేయదలచుకున్నాడో అడగండి. ఇంట్లో చెబుతానన్నవాడు చెప్పాడా, మళ్లీ చెప్పకుండా మాయమయ్యాడా అన్నది మీకు ఏ తీపి మాటకంటే ఎక్కువ తెలియజేస్తుంది. ‘పేరెందుకు’ అన్న పాత మాటే మళ్లీ వస్తే, దాన్ని కాదన్న జవాబుగానే తీసుకోండి. ఒకే ఆఫీసు కాబట్టి ఆ తర్వాత కొన్ని వారాలు కష్టంగా ఉంటాయి. విషయం తెలిసిన ఒక స్నేహితురాలు తోడుంటే మేలు. నిద్ర, తిండి దెబ్బతినేంతగా బాధ ఉంటే, ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక పెళ్లిచూపుల సంగతి. మనసు ఒకచోట పెట్టుకుని అక్కడ కూర్చోవడం, ఏమీ తెలియకుండా ఆశతో వచ్చే ఆ అబ్బాయికి అన్యాయం. అమ్మకు అంతా చెప్పగలిగితే చెప్పండి. లేకపోతే, ‘ఇప్పుడు నా మనసు సిద్ధంగా లేదు, ఈ సంబంధం నా కోసం ఆపి ఉంచవద్దు’ అనైనా చెప్పి, అటువాళ్లు ప్రయాణం పెట్టుకోకముందే వారికి కబురు వెళ్లేలా చూడండి.